తొమ్మిదో ప్రశ్న

కాగితాల పెట్టె నా వీపు మీదే ఉంది.
నలభై ఇళ్ళకు సరిపడా ప్రశ్నలు,
ఒక స్టాప్‌వాచ్, ఎర్రబంతి, చుట్టిన చాప.
రష్త్ లోయలో ఆఖరి ఊరు.
డాక్టర్ హెన్రీకె నా వెనకాల రొప్పుతూ వస్తోంది.
మంచి మనిషి. నా సీసాలో నీళ్ళు తాగే ముందు
ప్రతిసారీ అడిగి తాగుతుంది.

సవ్రినిసో ఇంట్లో మనవడు నియోజ్ గహ్వారాలో ఉన్నాడు.
మల్బరీ కర్ర తొట్టె. చేతులూ కాళ్ళూ గుడ్డపట్టీలతో కట్టి,
ఉచ్చకి కొయ్యగొట్టం, కింద మట్టిపిడత,
పైన దుప్పటి మీద దుప్పటి.
లోపల చీకటి, పాలవాసన.
తల్లి వాణ్ణి ఎత్తదు.
తానే తొట్టె మీదకి ఒరిగి రొమ్ము అందిస్తుంది.

"రోజుకి ఎన్ని గంటలు కట్టేస్తారు?" మూడో ప్రశ్న.
ఎలా చెప్పను దీన్ని మా మాటలో?
గాడిదనీ కడతాం, గడ్డిమోపునీ కడతాం.
బిడ్డని కట్టిన రోజు మాత్రం
చుట్టాలొచ్చి తొట్టె మీద మిఠాయిలు చల్లుతారు.

"మీ పెద్దవాడు ఎప్పుడు పారాడాడు? నెలల్లో."
సవ్రినిసో వేళ్ళు మడిచింది, విప్పింది.
"ఖుబానీలు మిద్దె మీద ఎండబోసినప్పుడు.
కాదు కాదు, అది వాడి అక్క.
వీడు పారాడనే లేదు. మంచు కరిగి దారి తెరిచాక
తిన్నగా లేచి నడిచాడు.
అంతకుముందు నడిచి ఎక్కడికి పోతాడు?"
గడిలోకి అంకె కావాలి.
పన్నెండు వేశాను. పద్నాలుగైనా కావచ్చు.
ఆ పన్నెండు ఇప్పుడు ఏ సగటులోనో
పెద్దమనిషిలా కూర్చుని ఉంటుంది.

తొమ్మిదోది ప్రశ్న కాదు, పరీక్ష.
గది ఖాళీ చేయాలి. తల్లీ బిడ్డా తప్ప ఎవరూ ఉండకూడదు.
కాసేపయ్యాక తల్లి కూడా.
నానమ్మ, ఇద్దరు తోడికోడళ్ళు, పొరుగింటి మోహ్‌బేగిమ్,
ముక్కు కారుతున్న నలుగురు పిల్లలు,
పిండి చేతులతోనే వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డారు
చావు జరిగిన ఇంటి ముందులా.

చాప మీద పడుకోబెట్టాం. బంతి పెట్టాం.
వాడు బంతి వంక చూడలేదు.
పైకప్పు చూశాడు, ఇంత ఖాళీ ఎక్కడిదన్నట్టు.
చెవులు రిక్కించాడు.
పుట్టిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో
ఎవరూ మాట్లాడకపోవడం అదే మొదలు.
అప్పుడు ఏడ్చాడు.

"తల్లి ఎడబాటు. పదకొండో సెకనుకి ఏడుపు. రాయి."
పెన్సిలు కదల్లేదు.
తల్లి కోసమేనా? రొట్టెపిండి చరిచే చప్పుడు కోసమైతే?
మనం కొలిచింది వాణ్ణా,
మనమే ఖాళీ చేసిన గదినా?

కింద ఇంకో గడి: కదలికలు, ఆలస్యం.
దాన్ని చూడగానే నా వీపు సలిపింది.
రెండో ఏడు నిండేదాకా నేనూ అలాంటి తొట్టెలోనే పెరిగాను.
ఈ పెట్టెని ఇంత ఎత్తుకి మోసుకొచ్చినవి
ఆ ఆలస్యపు కాళ్ళే.
పైకే అనేశాను.
ఆమె నవ్వలేదు. కాగితం వంక చాలాసేపు చూసి,
"ఇది మా వీధి పిల్లల్ని చూసి రాసిన ప్రశ్న," అంది.
"మా వీధిలో గదులు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి."

టీ దగ్గర సవ్రినిసో నా మోచేయి పొడిచింది, అడగమని:
ఈమెకి పిల్లలున్నారా?
ఉంది. ఆరేళ్ళది.
ఇప్పుడు ఎవరి దగ్గర?
హెన్రీకె గిన్నె కింద పెట్టింది.
స్టాప్‌వాచ్ ఆపడం మర్చిపోయాను,
నా జేబులో అది పరిగెడుతూనే ఉంది.

ముసలామె జవాబు కోసం ఆగలేదు.
గిన్నెలో మళ్ళీ టీ పోసింది, సగమే.
నిండా పోస్తే ఇక వెళ్ళిరమ్మని అర్థం మా వైపు;
సగం చూసి పిసినారితనం అనుకుంటారు బయటివాళ్ళు.
చెబుదామనుకున్నాను.
ఆమె అప్పటికే రెండు చేతులా ఎత్తి తాగుతోంది.

దిగేటప్పుడు పెట్టె తనే మోసింది.