పక్క గడి

లెసోతో కొండల్లో మూడో బుధవారం.
గుర్రం దిగి, చలికి కొంకర్లు పోయిన వేళ్లతో
మాట్సెపో అవ్వ చేతికి పట్టీ చుట్టాను.
బీపీ నూట ఎనభై.

"మాత్రలు వేసుకోవడం లేదా?"
క్లాసులో నేర్పిన గొంతుతో అడిగాను.

అవ్వ మాట్లాడలేదు.
మొక్కజొన్న పిండి డబ్బా తెచ్చి మూత తీసింది.
పిండి లేదు.
అడుగున నెల మాత్రలు, ఒక్కటీ తగ్గకుండా.
"తిన్నాక వేసుకోమన్నావు కదమ్మా."

నా రికార్డు పుస్తకంలో
'ఏం నేర్పారు' గడి నిండిపోయింది
ముత్యాల్లాంటి అక్షరాలతో.
పక్కనే 'ఏం నేర్చుకున్నారు'.

పెన్నులో సిరా గడ్డకట్టిందని
మేడమ్‌కి అబద్ధం చెప్పాను.

ఇప్పుడు ఏ ఇంటికెళ్లినా
పట్టీ విప్పకముందే
పొయ్యిలో బూడిద మీద
చెయ్యి పెట్టి చూస్తాను.