ఇరవై మూడో గిన్నె

పాలెం ల్యాబుల నాది రోజుకూలి.
పొద్దుగాల్నే శనగపిండి ఉడికిస్త,
ఈస్టు, అగరు కలిపి
చల్లారినంక గిన్నెకొక ముద్ద,
ముద్దకొక్కటే పురుగు.
రెండింటిని ఒక్కతాన పెడితే
పొద్దుమీకేసరికి ఒకటే ఉంటది,
బలిసి.

ఐదుమార్లు తోలు ఇడిచి
రంపపొట్టుల దిగి
చింతగింజ రంగుకు తిరుగుతది.
పన్నెండు దినాలు ఉలకదు పలకదు.

రెక్కలొచ్చినంక
దూదిల తేనెనీళ్లు తాపేది గూడ నేనే.
తెల్లారి చూస్తే నల్లగుడ్డ నిండ
గసాలు చల్లినట్టు గుడ్లు.

ఆ గసాలు లెక్కవెట్టే ఈ ఏళ్లే
తెలకపల్లి కందిచేన్ల
అమ్మెంట కొమ్మలు దులిపి
చీర మీద రాలినయి ఏరి
గాసునూనెల ముంచినయి.

"మందు కొట్టి సూసెతందుకేనా
వీటిని సాదుడు?" అమ్మ అడిగింది.
అవునన్న.
కొంగుతోటి చేతులు తుడుసుకుంట
చానసేపు ఊకుంది.
"మరి తేనె ఎందుకే?"

నిన్న మాపటీలి మూత తీస్తుంటే
ఇరవై మూడోది చేజారింది.
కిటికీ అవతల
కంది పూత మీదున్నది.

రిజిస్టర్ల "చచ్చింది" అని రాసి
లేచి కిటికీ ఏసిన,
అది పోయినంక.