దగ్గరి వెయ్యికి

నా పట్టికలో పదకొండు యుద్ధాలున్నాయి.
పెద్దది పైన, చిన్నది అడుగున.
మా యుద్ధం
కింది నుంచి మూడోది.

సరయేవోలో బస్సెక్కి తూజ్లాలో దిగేసరికి
మంచు మోకాలి దాకా ఉంది.
ఉప్పు తోడుకున్న ఊరది.
తోడినకొద్దీ నేల కుంగిందని
గోడల బీటలు చూపించి మరీ చెప్తారు.

జుమ్రా బట్టలుతికే మనిషి.
గోతుల్లోంచి వచ్చిన బట్టలు.
చల్లటి నీళ్లు, మెత్తటి బ్రష్షు.
అతుకు కనిపిస్తే ఆగుతుంది.
వేసిన చేతికి
అతుకు గుర్తుంటుందట.

తీగ మీద ఒక స్వెట్టరు ఆరుతోంది.
మోచేతి దగ్గర ఆకుపచ్చ నూలు అయిపోతే
నీలంతో అల్లి ముగించారెవరో.

"ఏమిటా కాగితం?" అంది.
చేతులు తుడుచుకుని,
నెత్తి మీదే ఉన్న కళ్లజోడు కాసేపు వెతుక్కుని
పై నుంచి చదివింది.
పిల్లలు గూడ్సు పెట్టెల్ని లెక్కపెట్టినట్టు
సున్నాల మీద వేలు జరుపుకుంటూ వెళ్లింది.
కంబోడియా దగ్గర "అయ్యో" అంది.
రువాండా దగ్గర ఏమీ అనలేదు.
మా వరస దాకా వచ్చి
"ఇంతేనా?" అంది.

ఆ మాట నేనూ అనుకున్నాను.
సిగ్గు విడిచి చెప్తున్నా,
అంకె ఇంకాస్త పెద్దదైతే బాగుండునని,
లోకం అప్పుడైనా ఇటు తిరిగేదేమోనని,
సంతలో నిలబడి
చచ్చిపోయిన వాళ్లకి కొసరు అడిగాను.
అవతలి వాళ్లు తగ్గించమన్నారు.
తక్కెడ మాత్రం ఒకటే.

అడుగున చిన్న అక్షరాల్లో
'దగ్గరి వెయ్యికి సవరించిన అంకెలు' అని ఉంది.
"అంటే?"
ఐదొందలు, ఆ పైనైతే పైకి,
తక్కువైతే కిందికి, అన్నాను.
"కిందికి అంటే
ఎక్కడికి?"

తప్పు పట్టడానికి కాదు.
పింఛను కాగితంలో అర్థంకాని మాట
పక్కింటబ్బాయిని అడిగినట్టే అడిగింది.

కాఫీ పెట్టింది. చక్కెర ముక్క నా వైపు జరిపింది.
తమ్ముడు మెవ్‌లుదిన్ సంగతి అప్పుడు చెప్పింది.
నత్తి. ట్రాక్టర్లు బాగుచేసేవాడు.
డబ్బులు తర్వాతిస్తామనేవాళ్లు, ఇచ్చేవాళ్లు కాదు.
మొదటి గోతిని యంత్రంతో తవ్వి
రాత్రికి రాత్రి లారీల్లో తరలించారు కదా,
ఎడమ తొడ ఒక ఊళ్లో,
కుడి చెయ్యి ఏటి అవతల,
మూడో గోతిలో పక్కటెముకలు కొన్ని.
బతికుండగా ఎవరూ లెక్కచేయని మనిషి
మూడు రిజిస్టర్లలో ఉన్నాడిప్పుడు.
మూడుసార్లు సంతకం పెట్టింది.
తల దొరకలేదు.
పూడుస్తారా, ఆగుతారా అని
ఏటా వసంతంలో ఫోన్ చేస్తారు.
ఏటా ఆగుతానంటుంది.
"తొందరేముంది వాడికి,
మాట పూర్తిచెయ్యడానికే పావుగంట పట్టేది."
నవ్వింది. నేను నవ్వాలో లేదో తెలియక
కప్పులోకి చూశాను.

చీకటి పడుతోంది. ఆఖరి బస్సు ఆరింటికి.
కాగితం మడిచి జేబులో పెట్టుకుంటుంటే
తొట్టిలో నీళ్లు మారుస్తూ, ఇటు తిరక్కుండానే,
"ఆ పై వరసల వాళ్లకి," అంది,
"బట్టలు ఎవరు ఉతుకుతున్నారు?"

తెలియదన్నాను.
అన్నన్ని సున్నాలు,
ఎన్ని తొట్లు కావాలి,
ఎంత తీగ కావాలి
అని తనలో తను అనుకుంటూ
స్వెట్టరును తిరగేసి
తడిగా ఉన్న వైపు
కిటికీకి పెట్టింది.