అడ్డుపట్టీ

కవ్వం అంటరు, కొత్తగ చేరినోళ్లందరు.
నేనూ అన్న మొదటి రోజు.
ఉప్పలయ్య నవ్విండు, బీడీ లేని పెదవులతోని
బీడీ పట్టుకున్నట్టే.
గేటు లోపల అగ్గిపెట్టె ఉండొద్దు కద.
"కవ్వం ఇటు తిరుగుతది, అటు తిరుగుతది.
దాని మనసు తాడు గుంజినోళ్ల చేతులల్ల ఉంటది.
ఇది ఒక్కదిక్కే తిరుగుతది బిడ్డా.
ఒక్కదిక్కే తిరిగేదానికి తెలివి తక్కువ."

చౌటుప్పల్ దాటినంక
హైవే మీద బస్సుల లైట్లు మా ప్రహరీగోడ మీద పాక్కుంట పోతయి.
రెండో అంతస్తుల నాలుగో రియాక్టరు.
ఆరు వేల లీటర్లు, నిమిషానికి తొంభై చుట్లు.
అద్దం కంతల కెళ్లి చూస్తే
నడుమ సుడి, సుడి నడుమ ఇరుసు,
ఇరుసు కింద కానరాని నాలుగు రెక్కలు
ఏటవాలుగ ఒరిగి ద్రవాన్ని అడుగుకు తొక్కుతయి.
అడుగుకు పోయింది గోడ పట్టుకొని పైకి లేస్తది.
మళ్ల తొక్కుతయి.
పొడి కరగాలె. కరగకుంటె బ్యాచు పోతది,
బ్యాచు పోతే మాట షిఫ్టు మీదికొస్తది.

ఆ రాత్రి కరగలే.
రెండు గంటలాయె, మూడు గంటలాయె,
శాంపిలు సీసల అడుగున తెల్లగ, సున్నం లెక్క.
కెమిస్టు స్పీడు పెంచుమన్నడు. పెంచిన.
సుడి లోతైంది, అంతే.

ఉప్పలయ్యను లేపుకొచ్చిన.
పొడుగు స్క్రూడ్రైవర్ మొన గేర్‌బాక్సుకు ఆనిచ్చి
పిడి చెవుల పెట్టుకొని కండ్లు మూసిండు.
ఊఁ, ఊఁ అన్నడు,
అవుతల ఎవరో కష్టం చెప్పుకుంటున్నట్టు.

"రెక్కలు మంచిగనే ఉన్నయి. అడుగున ఏదో దొర్లుతుంది.
అడ్డుపట్టీ ఊడినట్టుంది.
గోడ పొంటి నిలువుగ నాలుగు ఉంటయి చూడు,
అవి అడ్డం నిలవడకుంటె
నీళ్లు ఇరుసెంబడి ఊకె తిరుగుతయి,
పొడి నీళ్లెంబడి తిరుగుతది.
కలిసి తిరుగుడు వేరు సైదులూ,
కలుసుడు వేరు."

తెల్లారి తొట్టి ఖాళీ చేసి, కడిగి,
గాలి కొట్టి, మీటరు దించి చూసినం.
ఇరవై ఏండ్లు ఆయనే దిగిండు.
మర్రిగూడ బోరునీళ్లు తాగిన మోకాళ్లు
ఇప్పుడు మ్యాన్‌హోలుకు వంగుత లేవు.
మూడు ఫీజులు పీకి అంగి జేబుల ఏసుకున్నడు,
బోర్డుకు తాళమేసి చెవి నాకిచ్చిండు.
"నువ్వొచ్చినంక నువ్వే తియ్యాలె.
మేనేజరడిగినా ఇయ్యకు, దేవుడడిగినా ఇయ్యకు."
మొలతాడుకు కట్టుకున్న.

లోపట స్టీలు.
నా మొకం నలుదిక్కుల సాగి, నన్నే చూసుకుంట.
రెక్క మీద చెయ్యేసిన. సల్లగుంది.
ఇంత కదిలి ఆగింది.
నా గుండె మాత్రం తొంభై చుట్లు.
పైన గుండ్రటి వెలుగుల ఆయన తల:
"ఉన్నవారా?"
ఉన్న.
ఒక పట్టీ గోడకు ఒరిగింది, వెల్డింగు చీలి.
ఇంకొకటి అడుగున పడి ఉంది,
అలిగి పండుకున్న మనిషి లెక్క.
"ఉన్నవారా?"
ఉన్న, ఉన్న.
తాడుకు కట్టి పైకి పంపిన. బరువే ఉంది.
ఏ పనీ చెయ్యనట్టు కనవడేదానికి ఇంత బరువా అనుకున్న.
"సైదులూ, ఉన్నవారా?"

తాళం నేనే తీసిన.
ఫీజులు ఆయన జేబుల ఉండుండి వెచ్చగైనయి.

క్యాంటీన్ల ఎప్పటిలెక్కనే,
ఒడిశా పిల్లలు కిటికీ దిక్కు బల్ల మీద,
మేము నల్లా దిక్కు.
మూడేండ్ల సంది ఒక్క షిఫ్టుల తిరుగుతున్నం,
రెండు బల్లల నడుమ నాలుగడుగులు.
ఉప్పలయ్య ఆ సందుల కుర్సీ ఏసుకొని
వంగని కాలు దారికడ్డం చాపి కూసున్నడు.
చాయ్ పట్టుకొని పోయేటోళ్లకు ఆగక తప్పలే.
నిరంజన్ అనే పిలగాడు ఆగిండు,
కాలు దిక్కు చూసిండు,
గ్లాసు కింద పెట్టి
వచ్చీరాని తెలుగుల అడిగిండు:
"తాతా, నొప్పి ఉందా?"