ఎడమ చెవి వెనక

కూర్చో సఫూరా. ఆ స్టూలు కాదు, కిటికీ పక్కది.
ఉత్తరపు వెలుతురు అబద్ధం చెప్పదు.
మిల్లులో మా బల్లలన్నీ అటే తిరిగి ఉండేవి.

దీన్ని ఒళ్ళోకి తీసుకో.
మూడు కిలోలు. సగం జుట్టు, సగం పొగరు.
షాడీ అని పేరేమిటని నవ్వకు.
చింకిగుడ్డలు చీల్చి, ఏకి, మళ్ళీ వడికి నేసే ఉన్నికి
మా బాట్లీలో అదే పేరు.
ఈ ఊరు దాన్ని అమ్ముకునే బతికింది.
ఇదీ అంతే, ముగ్గురు వద్దనుకున్నాక నాకు చేరింది.

ముందు నీళ్ళు చిలకరించు.
పొడి వెంట్రుక మీద దువ్వెన పెడితే పుటుక్కుమంటుంది,
తెగిన ప్రతి పోగూ రేపటికో చిక్కు.
కుదుళ్ళ దగ్గర ఎడమచేత్తో పట్టుకో, గట్టిగా.
లాగిన నొప్పి నీ వేళ్ళకి తెలియాలి, దాని చర్మానికి కాదు.
ఇప్పుడు కొసల నుంచి. కొసల నుంచి, అమ్మాయ్!
పైనుంచి దువ్వేది తొందరున్నవాళ్ళు.

చిక్కులు కంటికి దొరకవు.
చంకల్లో, చెవుల వెనక, తోక మొదట్లో నక్కి ఉంటాయి.
కళ్ళు మూసుకుని వేళ్ళని పోనీ.
ఎక్కడో ఆగుతాయి చూడు,
ఆగాయా? అదే.

ముప్ఫై ఏడేళ్ళు నా కూడు ఈ వేళ్ళే.
ఏటవాలు బల్ల మీద గుడ్డ జారుతుంటే
అరచేత్తో తడిమి ముడి పట్టుకోవడం,
ఇదిగో, ఈ పట్టకారుతో పైకి తీసి విప్పడం,
తెగినచోట అదే రంగు పోగుతో అల్లడం,
మర్నాడు వెతికితే నాకే కనపడనంతగా.
మీ తాత ఇద్రీస్ రాత్రి మగ్గాల మీద, నేను పగటి బల్ల మీద.
ఎదురుపడ్డదంతా గేటు దగ్గరే, ఆరింటి కూతకి,
ఆయన కళ్ళలో నూనె వాసన నిద్ర.
ఆయన గుడ్డ రాగానే తెలిసిపోయేది,
ముడులు తక్కువ, అంచు గీత గీసినట్టు.
ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. నువ్వు చెప్ప...
సరేలే. ఇప్పుడెవరికి చెబుతావు.

మీ నానమ్మకి దీని తడిముక్కు కుదరదని తెలుసు.
ఇది మీ గుమ్మం తొక్కదు, నువ్వే రా,
బడికి ముందోసారి, చీకటి పడేముందోసారి.
సబ్బు సింకు పక్కన. నా పాత ఓవరాల్ తలుపు వెనక మేకుకి.
రాత్రి పడకకి మా చెల్లెలు డోరీన్ వస్తుంది.
దాని చేతికి మాత్రం దువ్వెన ఇవ్వకు,
బంగాళాదుంప చెక్కు తీసినట్టు దువ్వుతుంది.

నెత్తిమీది పిలక రబ్బరుని లాగకు, కత్తిరించు.
రబ్బర్లు చవక.
కళ్ళ మూలలు గోరువెచ్చని నీళ్ళ దూదితో.
మెడకి పట్టీ వద్దు, గొంతు గడ్డిపరక; ఛాతీ పట్టీయే.
ఎండుద్రాక్ష ఒక్కటి కూడా కింద పడనీయకు,
డోరీన్ కేకు తింటుంటే కాపలా కాయి.
వాన పడితే, పడకుండా ఉంటే కదా ఇక్కడ,
పాదాల కింద వేళ్ళసందులు ఆరబెట్టు.
చిక్కు తీయకుండా స్నానం చేయించావో,
తడిసిన ముడి రాయి అయి కూర్చుంటుంది.
మనుషుల్లోనూ అంతే అనబోయాను. వదిలెయ్.

ఆపరేషను మంగళవారం. తుంటి ఎముకే, గుండె కాదు.
పదిహేను రోజులంటున్నారు.
నర్సు నవ్విన తీరు చూస్తే పాతిక.

ఇంకోటి. ఎడమ చెవి వెనక వేలు పెట్టు.
ఉందా, బఠాణీ గింజంత?
నిన్న రాత్రి తగిలింది.
పట్టకారు తీశాను,
మళ్ళీ సొరుగులో పెట్టేశాను.
ఒక్క ముడిని బల్ల దాటనివ్వలేదు నేను, ముప్ఫై ఏడేళ్ళలో.
దాని జోలికి పోకు.
నేనొచ్చి తీస్తాను.

ఊఁ, కుడిపక్క మొదలుపెట్టు, చూస్తాను.
కొసల నుంచి.