నల్ల టేపు

శువైఖ్‌ల పొద్దుగాల ఏడింటికే
బానెట్ మీద చెయ్యి ఆనదు.

నర్సు లిజమ్మ కారు తెచ్చింది,
శుక్రవారం సంతల కొన్నదట.
"ఏ లైటూ రాదు, మంచి బండి.
ఏసీ ఒక్కటే చూడు."

తాళం సగం తిప్పిన.
దీపాలన్నీ ఒక్కసారి వెలగాలె,
బడిల హాజరు పలికినట్టు.
ఆయిలు పలికింది, బ్యాటరీ, బెల్టు.
ఏబీఎస్ పలకలే.

మీటరు విప్పితే వెనక
గోరంత నల్ల టేపు,
అతికిచ్చినోని వేలిముద్ర ఇంకా దాని జిగురుల.
పీకిన.
పసుపుపచ్చగ వెలిగింది, ఆరదు.

"నువ్వు ముట్టకముందు బాగుండె గదా!"
అన్నదామె. నిజమే.

జాకీ ఎత్తి ఎడమ చక్రం ఎనుక తడిమిన.
సెన్సర్ తీగె తొడుగు ఎండకు పెళుసై, పగిలి
లోపలి రాగికి పచ్చటి చిలుము.
మల్టీమీటరు పెడితే కూత లేదు.
కుళ్ళిన జానెడు కోసేసి
కొత్త తీగె కలిపి, టంకం పోసి
తాళం తిప్పిన.
ఒకటి, రెండు, మూడు
వెలిగి, ఆరింది.

రెండు దీనార్లు. ఏసీ సంగతి
ఇద్దరం మరిచినం.

రాత్రి ఫోన్ల సుగుణ అడిగింది,
"నడుం ఎట్లున్నది?"
"ఏం లేదు, మంచిగున్నది" అన్న,
గోటికింద జిగురు
గీక్కుంట.