చింతగింజల లెక్క

సిరొంచ బడి మైదానంల
పోశం సారు అంగీకి రెండు జేబులు.
నేనొక బంతి విసిరితే
ఎడమ జేబులకెల్లి ఒక చింతగింజ
కుడి జేబులకు.
ఇరవై అయితే, చాలు, కూసో.

ఏడో ఇన్నింగ్సుకు మడావి లాల్సు,
ఎనిమిదికి ఎడమచేతి సడ్మెక్,
చివరికి నేను.
అదీ, "నిన్న మిర్చి బస్తాలు మోసినవా?" అని
భుజం ఒత్తి చూసినంకనే.
నా అబద్ధం ఆయన వేళ్లకు తెలిసిపోయేది.

వానలు వెనక్కి తగ్గిన కాన్నుంచి
తునికాకు కోత దాకా
తీగ కంచె పక్కన చెయ్యి వేడి చేసుకొని
మళ్ల చల్లార్చుకున్న రోజులే ఎక్కువ.
పిలుస్తడేమోనని
బూటు లేసు విప్పకపోయేది.

చంద్రపూర్ల ఫైనల్.
ఒక్క పరుగు ముందున్నం. బేసులన్నీ నిండినయి.
నేను లేచి నిలబడ్డ.
సారు కుడి జేబు తడుముకున్నడు,
నిన్నటి సెమీస్ గింజలు ఇంకా అండ్లనే.
నా దిక్కు చూడలే.
తొమ్మిదో తరగతి జాడి ఓదేలును పంపిండు.
ఓడినం.

ఆలపల్లి అడవి దాటేదాక
వ్యాన్ల ఎవ్వరం మాట్లాడలే.
దిగేటప్పుడు నా దోసిట్ల గింజలు పోసి
"ఇవి నీయే" అన్నడు.

ఇప్పుడు ప్రాణహితల వల విసురుతుంటే
భుజం నొయ్యదు.
కోపమా?
ఉన్నది, అప్పుడప్పుడు,
చేపలు పడని పొద్దున.